మీకు తెలుసా? రోము కూలిన కథ చదివి రాసుకున్న అమెరికా రాజ్యాంగం

రాత్రికి రాత్రి సొంత ఇల్లు కూల్చేసుకున్న ఒక రోమన్ పేరు మీదే అమెరికా రాజ్యాంగాన్ని సమర్థించే 85 వ్యాసాలు అచ్చయ్యాయని మీకు తెలుసా?

ఆయన పబ్లియస్ వలేరియస్ పబ్లికోలా. క్రీ.పూ. 509లో రోములో రాజుల పాలనకు చరమగీతం పాడినవాళ్లలో ఒకడు. అధికారంలోకి వచ్చాక వేలియా గుట్ట మీద ఊరంతటికీ కనిపించేలా పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. అది కోటలా ఉందనీ, ఇతనికీ రాజు కావాలన్న ఆశ పుట్టిందనీ జనం గుసగుసలాడారు. ఆ మాట చెవిన పడగానే పనివాళ్లను పిలిపించి, తెల్లవారేలోగా పునాదులదాకా పడగొట్టించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. పొద్దున్నే లేచి చూసిన జనానికి గుట్ట మీద ఇల్లు లేదు. రాజు కావాలని చూసేవాణ్ని ఎవరు చంపినా తప్పులేదన్న చట్టం తెచ్చిందీ ఆయనే.

1787 అక్టోబరు 27న న్యూయార్క్ పత్రికలో మొదటి వ్యాసం వచ్చినప్పుడు దాని కింద ఉన్న సంతకం ‘పబ్లియస్’. రాసింది అలెగ్జాండర్ హామిల్టన్. తర్వాత జేమ్స్ మాడిసన్, జాన్ జే కూడా అదే పేరుతో రాశారు. ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలంటే ఇవే. కొత్త రాజ్యాంగం కేంద్రానికి బలమైన అధికారాలిస్తోంది, ఇంగ్లండు రాజును వదిలించుకుని ఇంకో రాజును తెచ్చుకుంటున్నామా అని అప్పట్లో జనానికి గట్టి అనుమానం. ఆ అనుమానానికి మొదటి జవాబు ఆ సంతకమే.

మరి రాజ్యాంగాన్ని వ్యతిరేకించినవాళ్లో? వాళ్లూ రోమ్‌కే వెళ్లారు. బ్రూటస్, కేటో, అగ్రిప్పా అన్న పేర్లు పెట్టుకున్నారు. గ్రీకు, రోమన్ రిపబ్లిక్‌లు చిన్నవిగా ఉన్నంతకాలమే స్వేచ్ఛగా బతికాయనీ, పెరిగి పెద్దవయ్యాక నిరంకుశ పాలనలో పడ్డాయనీ ‘బ్రూటస్’ తన మొదటి వ్యాసంలోనే హెచ్చరించాడు. రాజ్యాంగం ఆమోదం పొందింది కాబట్టి వీళ్లు ఓడిపోయారంటారు. నేనలా అనను. 1791లో పౌరహక్కుల సవరణలు వచ్చాయంటే ఈ ‘ఓడినవాళ్లు’ పట్టిన పట్టు వల్లే.

ఒక్క విషయం ముందే చెప్పాలి. అమెరికా పెద్దలు గ్రీకు, రోమన్ గ్రంథాలను గొప్పలు చెప్పుకోవడానికి చదివారని చాలామంది అనుకుంటారు. వాళ్ల ఉత్తరాలు, నోట్సులు చూస్తే అలా కనిపించదు. రిపబ్లిక్‌లు ఎలా పుడతాయన్న దానికంటే ఎలా చచ్చిపోతాయన్నదే వాళ్లకు ముఖ్యం.

ఓడల్లో వచ్చిన పుస్తకాల పెట్టెలు

1780లలో థామస్ జెఫర్సన్ పారిస్‌లో అమెరికా రాయబారి. పాతవైనా కొత్తవైనా సమాఖ్యల గురించి రాసిన పుస్తకాలు ఏవి దొరికినా పంపమని వర్జీనియా నుంచి స్నేహితుడు మాడిసన్ ఉత్తరం రాశాడు. జెఫర్సన్ పెట్టెలకు పెట్టెలు ఓడల మీద పంపించాడు. రెండు వందలకు పైగా సంపుటాలు చేరాయి. 1786లో మాడిసన్ మాంట్‌పీలియర్‌లోని తన ఇంట్లో వాటిని ముందేసుకుని కూర్చున్నాడు. గ్రీకు నగరాల కూటముల నుంచి స్విట్జర్లాండ్, హాలండ్ సమాఖ్యల దాకా ఒక్కొక్కదాన్నీ విడదీసి నోట్సు రాసుకున్నాడు. ఒక్కో సమాఖ్య గురించి రాయడం అయ్యాక ‘దీని లోపాలు’ అని విడిగా ఒక భాగం పెట్టుకునేవాడు.

ఎందుకంత పట్టుదల? 1781 నుంచి అమలవుతున్న ఒప్పందం ప్రకారం 13 రాష్ట్రాల ఉమ్మడి కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేదు. సైన్యానికి జీతాలివ్వాలన్నా రాష్ట్రాల ముందు చెయ్యి చాచాలి. ఇచ్చిన రాష్ట్రం ఇచ్చింది, ఎగ్గొట్టింది ఎగ్గొట్టింది. చరిత్రలో ఇలాంటి కూటమి ఏదైనా నిలిచిందా అన్నది మాడిసన్ ప్రశ్న.

డెల్ఫీ ఆలయం చుట్టూ ఏర్పడిన గ్రీకు నగరాల మండలి ఆయనకు బాగా పనికొచ్చింది. కాగితం మీద దానికి అధికారాలు తక్కువేం లేవు. నడిచింది మాత్రం బలవంతుల మాటే. ఒకప్పుడు ఏథెన్స్, ఇంకొకప్పుడు స్పార్టా, ఆ తర్వాత తీబ్స్ పెత్తనం చేశాయి. ఒకసారి ఫోసియన్లు అపోలో దేవుడి మాన్యాన్ని దున్నుకున్నారు. మండలి జరిమానా వేస్తే కట్టబోమన్నారు. ఏథెన్స్, స్పార్టా వాళ్లకు వత్తాసు పలికాయి. తీబ్స్ అవతలి పక్షం చేరింది. అంతటితో ఆగక మాసిడోనియా రాజు ఫిలిప్‌ను సాయానికి పిలిచింది. ఎప్పుడు పిలుస్తారా అని కాచుకున్న ఫిలిప్ వచ్చాడు, మండలిలో సభ్యత్వం సంపాదించాడు, చివరికి గ్రీసునే గుప్పిట్లో పెట్టుకున్నాడు. దేవుడి మాన్యం గొడవ దేశం పుట్టి ముంచింది. 18వ ఫెడరలిస్ట్ వ్యాసంలో ఈ కథంతా ఉంది. మన రాష్ట్రాలు ఇలాగే కొట్టుకుంటూ పోతే ఇంగ్లండో, స్పెయినో అదే దారిన లోపలికొస్తుందని చదివినవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

లిసియా లెక్క

మంచి ఉదాహరణ ఒక్కటీ దొరకలేదా అంటే, దొరికింది. నేటి టర్కీ దక్షిణ తీరంలోని లిసియాలో 23 నగరాల సమాఖ్య ఉండేది. ఉమ్మడి సభలో పెద్ద నగరానికి మూడు ఓట్లు, మధ్యరకానికి రెండు, చిన్నదానికి ఒకటి. పన్నుల వాటా కూడా ఆ లెక్కనే కట్టాలి. ఫ్రెంచి మేధావి మాంటెస్క్యూ 1748లో దీన్ని ఆదర్శ సమాఖ్యగా మెచ్చుకున్నాడు. హామిల్టన్ తన 9వ వ్యాసంలో ఆ మాటను పట్టుకున్నాడు.

రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో జరిగిన సమావేశంలో మాత్రం లిసియా పద్ధతి పూర్తిగా నెగ్గలేదు. చిన్న రాష్ట్రాలు ససేమిరా అన్నాయి. 1787 జులై 16న రాజీ కుదిరింది. దిగువ సభలో జనాభాను బట్టి సీట్లు, సెనేట్‌లో చిన్నాపెద్దా తేడా లేకుండా రాష్ట్రానికి రెండేసి. అందుకే ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కూ, నాలుగు కోట్లకు చేరువలో ఉన్న కాలిఫోర్నియాకూ నేటికీ ఇద్దరిద్దరే సెనేటర్లు. నిజానికి లిసియా లెక్కకు మన రాజ్యసభే దగ్గరగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు 1.

బందీ రాసిన పుస్తకం

అధికారాన్ని మూడుగా విడగొట్టి ఒకదానితో ఒకటి అదుపులో పెట్టించడం అమెరికా రాజ్యాంగానికి ప్రాణం. ఈ ఆలోచనకు పాత మూలాల్లో ముఖ్యమైనది పాలిబియస్ చరిత్ర. ఆయన రోమన్ కాదు, గ్రీకువాడు. క్రీ.పూ. 167లో రోమన్లు అకియా నుంచి వెయ్యిమంది ప్రముఖులను బందీలుగా పట్టుకుపోయారు. వాళ్లలో ఆయనొకడు. పదిహేడేళ్లు రోములో ఉండిపోయాడు. తన దేశాన్ని ఓడించిన ఈ ఊరి బలం ఎక్కడుందో దగ్గరుండి గమనించాడు.

రాజు ఒక్కడే ఏలితే నియంత అవుతాడు, పెద్దలు ఏలితే పిడికెడుమంది దోపిడీగా మారుతుంది, జనమే ఏలితే మూక పాలన అవుతుంది, మళ్లీ ఒక బలవంతుడొస్తాడు అన్నది ఆయన వాదన. రోమ్‌లో కాన్సుల్‌లు, సెనేట్, ప్రజల సభలు మూడూ కలగలిసి, ఒకటి హద్దు దాటితే మిగతా రెండూ లాగుతున్నాయి కాబట్టి ఈ చక్రం ఆగిందన్నాడు. ఎల్లకాలం ఆగదని కూడా ఆయనకు తెలుసు. జాన్ ఆడమ్స్ 1787లో రాజ్యాంగాల మీద తెచ్చిన పెద్ద గ్రంథంలో పాలిబియస్‌ను తీసుకొచ్చి పెట్టాడు. దాని మొదటి సంపుటం ఫిలడెల్ఫియా సమావేశం నాటికి ప్రతినిధుల చేతుల్లో ఉంది.

ఏథెన్స్ పేరెత్తితే బెదురు

ఇవాళ ప్రజాస్వామ్యం అనగానే ఏథెన్స్‌కు దండం పెడతాం. 1787లో అలా లేదు. నిన్న విషం తాగించిన మనిషికే ఇవాళ విగ్రహం పెట్టే జనంగా ఏథెన్స్‌వాసులను 63వ వ్యాసం చూపిస్తుంది. సోక్రటీస్ మరణశిక్ష అమెరికా పెద్దల మనసుల్లో అంత లోతుగా దిగింది. సావధానంగా ఆలోచించే సెనేట్ ఒకటి ఉండి ఉంటే ఏథెన్స్‌కు ఆ మచ్చ వచ్చేది కాదని ఆ వ్యాసం వాదన. సెనేటర్లకు ఆరేళ్ల పదవీకాలం పెట్టడం వెనుక ఈ ఆలోచనే ఉంది. 1913 దాకా వాళ్లను రాష్ట్రాల శాసనసభలే ఎన్నుకునేవి, ప్రజలు కాదు. ఈ బెదురు మరీ ఎక్కువైందనే నా అభిప్రాయం. ఏథెన్స్‌ను తిట్టిన గ్రీకు రచయితల్లో చాలామంది పెద్దింటివాళ్లు. వాళ్ల కోపాన్ని కూడా చరిత్రతో పాటే అమెరికా దిగుమతి చేసుకుంది.

జీతాల పుస్తకంలో ప్లూటార్క్

ఆ రోజుల్లో అమెరికాలో కాలేజీలో చేరాలంటే లాటిన్‌లో సిసిరో, వర్జిల్, గ్రీకులో బైబిల్ సువార్తలు చదివి అర్థం చెప్పాలి. అప్పటి ప్రవేశపరీక్ష అది.

హామిల్టన్ స్వాతంత్ర్య యుద్ధంలో ఫిరంగి దళానికి కెప్టెన్. సిపాయిల జీతాల లెక్కలు రాసే పుస్తకం ఆయన దగ్గర ఉండేది. అందులో ఖాళీగా మిగిలిన పేజీల నిండా 1777లో ప్లూటార్క్ జీవితచరిత్రల నుంచి నోట్సు రాసుకున్నాడు. రోములస్, లైకర్గస్, న్యూమా, థీసియస్. నలుగురూ రాజ్యాలను స్థాపించినవాళ్లో, వాటికి చట్టాలు ఇచ్చినవాళ్లో. అప్పటికి హామిల్టన్‌కు నిండా పాతికేళ్లు కూడా లేవు.

ఆడమ్స్ కుర్రవాడిగా ఉన్నప్పుడు సిసిరో ఉపన్యాసాలను గదిలో ఒంటరిగా బిగ్గరగా చదివేవాడు. దాంతో ఊపిరితిత్తులకు కూడా మంచి కసరత్తు అవుతుందని 1758 డైరీలో రాసుకున్నాడు. 1777లో పదేళ్ల కొడుక్కి ఉత్తరం రాస్తూ థూసిడిడీస్ యుద్ధచరిత్ర చదవమన్నాడు. ఆ పిల్లవాడే తర్వాత ఆరో అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్స్. ఇంట్లో అబిగైల్ ఆడమ్స్ భర్తకు రాసే ఉత్తరాల్లో ‘పోర్షియా’ అని సంతకం చేసేది. సీజర్‌ను చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ భార్య పేరది. ఆమె స్నేహితురాలు మెర్సీ ఓటిస్ వారెన్ 1772లో రాసిన నాటకంలో బోస్టన్ దేశభక్తులంతా బ్రూటస్, కాసియస్ పేర్లతో తిరుగుతారు.

1775 మార్చి 6న బోస్టన్ హత్యాకాండ సంస్మరణ సభలో డాక్టర్ జోసెఫ్ వారెన్ రోమన్ల టోగా కట్టుకుని మాట్లాడాడని బ్రిటిష్ అనుకూల పత్రిక ఒకటి రాసింది. ఎగతాళికే రాసి ఉండవచ్చు. కానీ నాలుగు నెలలు తిరక్కుండానే, జూన్ 17న, బంకర్ హిల్ యుద్ధంలో ఆయన ప్రాణమిచ్చాడు.

చలి, ఆకలి దాటాక ఆడిన నాటకం

1777–78 శీతాకాలం. వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో వాషింగ్టన్ సైన్యం. చాలామందికి కాళ్లకు బూట్లు లేవు, ఒంటిమీద సరైన బట్ట లేదు. జ్వరాలతో, విరేచనాలతో సుమారు రెండు వేలమంది చనిపోయారు. ఒక్క తూటా కూడా తగలకుండా పోయిన ప్రాణాలవి. వసంతం వచ్చి ప్రాణాలు కుదుటపడ్డాక, 1778 మే 11న, అదే శిబిరంలో అధికారులే వేషాలు కట్టి ఒక నాటకం ఆడారు. వాషింగ్టన్ దగ్గరుండి చూశాడు. అది జోసెఫ్ అడిసన్ 1713లో రాసిన ‘కేటో’.

సీజర్ సైన్యం ముంచుకొస్తోంది. ఉత్తర ఆఫ్రికాలోని యూటికా పట్టణంలో కొద్దిమందితో మిగిలిపోయాడు కేటో. లొంగిపోతే సీజర్ క్షమిస్తాడు. ఆ క్షమాభిక్ష కేటోకు వద్దు. రిపబ్లిక్‌తో పాటే తానూ పోతానని ప్రాణం తీసుకుంటాడు. ఇదీ కథ. అంత చలినీ ఆకలినీ దాటి వచ్చిన సైన్యం ముందు ఓడిపోయినవాడి కథ ఆడటం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఫలితం ఎలా ఉన్నా నిలబడటమే గెలుపు అని చెప్పడానికి అంతకంటే తగిన కథ వాషింగ్టన్‌కు తెలియదు. ఆయనకు లాటిన్ రాదు, గ్రీకు రాదు. కాలేజీ గడప తొక్కలేదు. రోమ్ ఆయన మనసుకు ఎక్కింది ఇలాంటి నాటకాల ద్వారానే.

నాటకాల మీద కాంగ్రెస్‌కు మాత్రం గౌరవం లేదు. అదే ఏడాది అక్టోబరులో నాటకాలను నిరుత్సాహపరుస్తూ తీర్మానం చేసింది.

నాగలి దగ్గరికి తిరిగి వెళ్లినవాడు

క్రీ.పూ. 458లో రోము కష్టంలో ఉంటే సెనేట్ దూతలు సిన్సినాటస్ పొలానికి వెళ్లారు. ఆయన దుక్కి దున్నుతున్నాడట. ఆరు నెలలకు సర్వాధికారాలు ఇచ్చారు. పదహారు రోజుల్లో శత్రువును ఓడించి, పదవి వదిలేసి, మళ్లీ పొలానికి వెళ్లిపోయాడు. 1783 డిసెంబరు 23న అనాపొలిస్‌లో వాషింగ్టన్ సర్వసేనాని పదవిని కాంగ్రెస్‌కు అప్పగించి ఇంటిదారి పట్టినప్పుడు లోకానికంతటికీ ఈ కథే గుర్తొచ్చింది. గెలిచిన సేనాని గద్దె ఎక్కకుండా ఇంటికి పోవడం అప్పటి యూరప్‌కు నమ్మశక్యం కాని సంగతి.

రిచ్మండ్‌లోని వర్జీనియా శాసనసభ భవనంలో హూడోన్ చెక్కిన వాషింగ్టన్ విగ్రహం ఉంది. జాగ్రత్తగా చూడండి. చెయ్యి ఆనించింది 13 కర్రల కట్ట మీద. రోములో అధికారానికి గుర్తు అది. ఇక్కడ 13 రాష్ట్రాలు. వెనకాల నాగలి. ఆ భవనం కూడా ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఉన్న రోమన్ గుడిని చూసి జెఫర్సన్ గీయించిన నమూనా.

యుద్ధంలో పనిచేసిన అధికారులు 1783లో సిన్సినాటస్ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. సభ్యత్వం తండ్రి నుంచి పెద్ద కొడుక్కి వస్తుందన్నారు. పదవి వదిలేసినవాడి పేరు పెట్టి వారసత్వపు హోదా సృష్టిస్తారా అని దేశమంతా మండిపడింది. ఒహాయోలోని సిన్సినాటి నగరానికి ఆ పేరు వచ్చింది 1790లో, ఈ సంఘం వల్లే.

రోటి పచ్చడి, రాజముద్ర

అమెరికా రాజముద్ర మీద ‘అనేకం నుంచి ఒకటి’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటలున్నాయి. 1776లో ప్రతిపాదించారు, 1782 జూన్ 20న ముద్ర ఖాయమైంది. ఆ రోజుల్లో లండన్ నుంచి వచ్చే ఒక ప్రముఖ మాసపత్రిక ముఖచిత్రం మీద ఆ మాటలు ఉండేవి కాబట్టి అక్కడి నుంచే తీసుకుని ఉంటారు. వాటిని పోలిన మాటలు ఒక పాత లాటిన్ పద్యంలో కనిపిస్తాయి. ఒకప్పుడు అది వర్జిల్‌దే అనుకునేవారు. తెల్లవారుజామునే లేచిన పేదరైతు వెల్లుల్లి, ఆకుకూరలు, జున్నుముద్ద రోట్లో వేసి నూరుతాడు. నూరగా నూరగా వేటి రంగు వాటిది పోయి ఒకే రంగు తేలుతుంది. అచ్చం మన రోటి పచ్చడి. ముద్ర మీద మిగిలిన రెండు లాటిన్ వాక్యాలకు వర్జిలే ఆధారం. వాటిని చేర్చిన చార్లెస్ థామ్సన్ కాంగ్రెస్ కార్యదర్శి కాకముందు లాటిన్ మాస్టారు.

పొలాల పేర్లు

మన పిల్లలు చదువులకు వెళ్లే సిరక్యూస్, ఇథాకా న్యూయార్క్ రాష్ట్రంలోనివే. ట్రాయ్, రోమ్, యూటికా కూడా అక్కడే ఉన్నాయి. యుద్ధం చేసిన సిపాయిలకు ఆ రాష్ట్రం మధ్యభాగంలో భూములు పంచినప్పుడు ఆ ప్రాంతాలకు సిసిరో, హోమర్, ఓవిడ్, కేటో, పాంపే, రోములస్ అని పేర్లు పెట్టారు. అంతకుముందు ఆ నేల ఒనొండాగా, కయూగా ఆదివాసులది. రోమన్ల పేర్లు పటం ఎక్కాయి, నేల సొంతదార్లు చెల్లాచెదురయ్యారు.

అన్నీ చదివినా నేర్వని పాఠం

ఈ కథలో నన్ను బాగా బాధపెట్టేది ఇదే. సీజర్‌ను అంతగా ద్వేషించిన అమెరికా తోటల యజమానులు తమ బానిసలకు పెట్టిన పేర్లు సీజర్, పాంపే, సిపియో. జెఫర్సన్‌తో సమవయస్కుడైన ఆయన సేవకుడి పేరు జూపిటర్. పన్ను కట్టించుకుంటేనే తమను బానిసలను చేశారని ఇంగ్లండు మీద ఉపన్యాసాలిచ్చినవాళ్ల ఇళ్లలో నీళ్లు మోసింది ఈ జూపిటర్లు, సీజర్లే.

పశ్చిమ ఆఫ్రికా నుంచి ఏడెనిమిదేళ్ల పాపను 1761లో బోస్టన్‌లో అమ్మారు. తెచ్చిన ఓడ పేరు ఫిలిస్, అదే ఆమె పేరైంది. ఆమే ఫిలిస్ వీట్లీ. ఇంగ్లిషు నేర్చింది, లాటిన్ నేర్చింది, పద్యాలు రాసింది. ఇరవై ఏళ్ల వయసులో, 1773లో, లండన్‌లో ఆమె పుస్తకం అచ్చయింది. ఈ పద్యాలు ఆమెవేనని బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు పెడితే తప్ప నమ్మే లోకం కాదది. మొదటి పద్యంలోనే ఆమె రోమన్ నాటకకర్త టెరెన్స్‌ను తలచుకుంది. ఆయన ఆఫ్రికాలో పుట్టాడని అడుగున గమనిక కూడా ఇచ్చింది. బానిసగా రోముకు వచ్చి మహారచయిత అయినవాడు టెరెన్స్. ఆమె ఎవరిని, ఎందుకు తలచుకుందో వేరే చెప్పాలా?

అదే టెరెన్స్ గురించి జెఫర్సన్ వర్జీనియా మీద రాసిన పుస్తకంలో ఏమన్నాడో చూడండి. ఎపిక్టీటస్, టెరెన్స్, ఫీడ్రస్ బానిసలే అయినా తెల్లజాతివాళ్లు కాబట్టి పైకొచ్చారని తేల్చేశాడు. ఫిలిస్ పద్యాలు విమర్శకు కూడా తగవని కొట్టిపారేశాడు. అంత చదివిన మనిషి, చదువంతా పెట్టి తన కళ్లకు తానే గంతలు కట్టుకున్నాడు. 1850లలో దక్షిణాది రచయితలు ఇంకా ముందుకెళ్లి, కొందరు పుట్టుకతోనే బానిసలన్న అరిస్టాటిల్ మాటను తమ వ్యాపారానికి శాస్త్రంలా వాడుకున్నారు. గ్రీకు గ్రంథాల్లో స్వేచ్ఛా ఉంది, సంకెళ్లూ ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకున్నారు.

ఇక చాలన్నవాళ్లూ ఉన్నారు

స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన డాక్టర్ బెంజమిన్ రష్ 1789లో, కొత్త దేశంలో పిల్లల కాలాన్ని లాటిన్, గ్రీకులకు ధారపోయడం దండగని వ్యాసం రాశాడు. పాత మిత్రుడు ఆడమ్స్ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఉత్తరాల్లో దీనిమీద ఏళ్లపాటు వాదించుకున్నారు. చివరికి జెఫర్సన్ కూడా 1816లో ఒక ఉత్తరంలో, ప్రతినిధులను ఎన్నుకుని పాలించుకునే పద్ధతి గ్రీకులకు తెలియదు కాబట్టి ప్రభుత్వం గురించి వాళ్ల పుస్తకాలు పోయినా మనకు పెద్ద నష్టం లేదన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత స్వాతంత్ర్య ప్రకటనకు ఆధారాలేమిటని అడిగితే ఆయనే అరిస్టాటిల్, సిసిరో పేర్లు చెప్పాడు.

సివిల్స్‌కో, రాజనీతి శాస్త్రం పరీక్షలకో చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఫెడరలిస్ట్ వ్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాఠ్యపుస్తకాలన్నీ మిమ్మల్ని 10, 51 దగ్గరికే పంపిస్తాయి. వాటికంటే ముందు 9, 18, 63 చదవండి. వాటి పక్కనే వీట్లీ పుస్తకంలోని మొదటి పద్యం కూడా చదవండి.